తెల్లచార

మట్టి నమూనా తియ్యడానికో పద్ధతుంది.
పైన గడ్డీ గాదం గీకేసి
జానెడు లోతు గుంట.
గట్టువార తియ్యకూడదు, పెంటపోగు దగ్గర తియ్యకూడదు.
ఎకరాకి ఎనిమిది చోట్ల.
తీసిందంతా గోనెమీద పోసి, కలిపి, గుండ్రంగా పరిచి
నాలుగు వాటాలు చేసి
ఎదురెదురు రెండూ పారెయ్యాలి.
మళ్లీ కలిపి, మళ్లీ పారేసి,
అరకేజీ మిగిలేదాకా.

హిరమండలం దాటాక, గెడ్డపేటలో
దాలమ్మ గొంతుక్కూచుని చూసింది.
నేను పారేసిన ప్రతి వాటానీ
దోసిళ్లతో ఎత్తి
తీసిన గుంటలోనే పోసొచ్చింది.
"నీకక్కర్నేదు గావాల బావూ,
నాకక్కరే."

నేల సంగతి అడిగితే
కోడలి సంగతి చెప్పినట్టు చెప్పింది.
"ఇది గరువూ గాదు, రేగడీ గాదు.
ఎండితే పిండి, తడిస్తే ఎన్న.
ఈసాకంలో బీటలిస్తాది గానీ
బీటలో సెయ్యెడితే లోపల సల్లగుంటాది,
కుండకి తడిగుడ్డ సుట్టినట్టు.
తట్టకెత్తితే కాళీ తట్టలాగే ఉంటాది, బరువే ఉండదు.

డీఏపీ ఎంతేసినా తినీసి కూకుంటాది,
పైరుకెట్టదు.
మా అత్త సూరీడమ్మ అంతే,
బియ్యండబ్బా అడుగున నోట్లు దాసీసి
నేదు నేదనే సచ్చిపోనాది."

నాకు నవ్వొచ్చింది.
మా పుస్తకంలోనూ అదే ఉంది, అత్త లేకుండా:
భాస్వరాన్ని బిగబట్టే నేల.

మడి చివర సగంలో ఆగిపోయిన నుయ్యి.
తవ్వుతున్న పోలినాయుడు
రెండు మట్లు దిగాక గునపం వదిలేసి పైకొచ్చేశాడట.
"ఎవుల్దో వల్లకాడమ్మా ఇది, నాను తవ్వను."

తొంగి చూశాను.
పైన గోధుమరంగు మట్టి,
దానికింద నుయ్యి చుట్టూతా
బెత్తెడు మందాన
తెల్లటి చార.
బూడిదే.
పోలినాయుడు తప్పేం చూడలేదు,
కాలింది మనుషులు కాదు, అంతే.
ఏ ఊరు కాలితే ఇంత బూడిదొస్తుంది?

చార కింద నీలం కలిసిన బంక,
బంకలో గోరంత నత్తగుల్లలు, వేలు తగిలితే చితికేవి.
ఇక్కడో సరస్సుండేది.
దాని పేరు పిలవడానికి
అప్పటికి భాష లేదు.

మన కొండల్లో నిప్పెప్పుడో చల్లారింది.
ఇది సముద్రం అవతల పగిలిన కొండ,
డెబ్భై వేల ఏళ్ల కిందట.
గాలి మోసుకొచ్చింది.
మెట్టమీద పడింది వానకి కొట్టుకుపోయింది,
సరస్సులో పడింది అడుక్కి దిగి ఉండిపోయింది.
తర్వాత గెడ్డ దానిమీద ఒండ్రు కప్పుతూ వచ్చింది,
ఒక్కో వరదకీ ఒక్కో దుప్పటి.
నుయ్యిమట్టి ఏటేటా మడిలోకే ఎగజిమ్మారు, రెండూ కలిశాయి.

ఇదంతా నా చేతనైనట్టు చెప్పాను.
దాలమ్మ విందో లేదో,
ఇంట్లోంచి ఇత్తడి బిందె తెచ్చి చూపించింది.
ఎండ అందులో నిలవలేకపోతోంది.
"ఆ తెల్లదాంతోనే తోమతాను. సింతపండక్కర్నేదు.
సేతులు మాత్రం సురసురమంటాయి."

మంటెయ్యదా మరి?
భూతద్దం కింద అది బూడిద కాదు,
పగిలిన బుడగల పెంకులు.
"గాజు" అన్నాను.
"గాజులా?" అంది చెయ్యి తిప్పి చూసుకుంటూ,
"ఎవులి మలారం జారి పడిపోనాదో పాపం, అంత ఎత్తునుంచి."

కార్డులో పన్నెండు గడులు.
ఉదజని సూచిక, సేంద్రియ కర్బనం, జింకు, బోరాను...
ఎక్కణ్ణుంచొచ్చింది అనే గడి లేదు.
ఎన్నాళ్లనించి ఉంది అనేదీ లేదు.
యజమాని పేరుంది. అందులో ఆమె పేరు రాదు,
పట్టా ఇంకా అత్త పేరునే ఉంది.

బయల్దేరుతుంటే న్యూసు పేపరులో పొట్లం కట్టిచ్చింది.
బండి డిక్కీలో రెండు పొట్లాలు:
ఒకటి ఆమదాలవలస లేబుకి, నంబరుతో,
ఒకటి నా క్యారేజీకి.

ఆ రాత్రి నేనే తోమాను.
స్టీలు మీద సన్నటి గీతలు పడ్డాయి, పోవడం లేదు.
ఇంట్లో ఎందుకిలా పాడుచేశావంటారు.
చెప్పలేదు.
లేబు నుంచి కాగితం ఇంకా రాలేదు.